చంటిది వేసిన సున్నాలు

ఇప్పుడు వీడు పట్టిన పట్టు చూస్తే నామీద ఏ కోపమూ లేదనే అనిపిస్తుంది, కళ్ళు మూసుకుని, నా నైటీ గుండీ పిడికిట్లో బిగించి, గుటక పడినప్పుడల్లా చెవి పక్కన చర్మం చిన్నగా కదులుతూ, ఈ పట్టు ఇంకో నాలుగు నిమిషాలుంటే చాలు, నాలుగు కాకపోతే మూడు, ఎందుకంటే ఐదో నిమిషం దగ్గర మొదలవుతుంది వీడి వ్యవహారం, ముందు నుదురు ముడి, తర్వాత కాళ్ళు కడుపులోకి, తర్వాత విల్లులా వెనక్కి విరుచుకోవడం, రొమ్ము వదలడు, ఏడుపూ వదలడు, రెండూ ఒకే నోటితో కానిస్తాడు, మా ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి వీడికి లిఫ్టు అని పేరు పెట్టాడు, కిందికి పంపింది పైకే వస్తుందిట, నవ్వుతాడు, నవ్వనీ, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పనికి పోయేవాడికి నవ్వొస్తుంది, గడియారం ఒకటిన్నర దాటింది, నాలుగింటికి పిల్లల డాక్టరమ్మ దగ్గర ఉండాలి, ఈవేళ తూకం చూసి తేలుస్తానంది, బరువు సరిగ్గా పెరగకపోతే రొమ్ము మాన్పించేసి, పాలు పిండి, చిక్కబడే పొడి కలిపి, అన్ని పూటలూ సీసాతోనే పట్టాలిట, అదీ మీ చెల్లెలు పడితే మంచిది, ఆ అమ్మాయి దగ్గర నిలుస్తున్నాయి కదా, అని కాగితం మీద వేలు పెట్టి మరీ చూపించింది, మీ చెల్లెలు పడితే మంచిది, ఆ ముక్క రెండు వారాలుగా నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది, అంటే ఇదే ఆఖరి పూట కావచ్చు, పదకొండు వారాల నా కొడుక్కి నేను రొమ్ము పట్టే ఆఖరి పూట, మెల్లగా తాగరా నాన్నా, ఎవరూ తరమడం లేదు.

వంటగదిలో చంటిది సీసాలు కడుగుతోంది, కూనిరాగం తీస్తూ, కొళాయి సన్నగా వదులుకుని, గాజుకి గాజు తగిలిన చప్పుడు కూడా రానివ్వకుండా, చంటిది అంటే మా చెల్లెలు, ఇరవై ఆరేళ్ళొచ్చి, పింగాణీ సామాన్ల దుకాణంలో కప్పులూ సాసర్లూ కాగితాల్లో చుట్టి పెట్టెల్లో సర్దే ఉద్యోగం చేస్తున్నా మా అమ్మకి అది చంటిదే, నన్ను మాత్రం ఊహ తెలిసినప్పటినుంచీ పెద్దదానా అనే పిలిచింది, రెండేళ్ళు కూడా నిండని పిల్లని పట్టుకుని పెద్దదానా అని, మోకాలి ఆపరేషనై అమ్మ రాలేకపోయింది, దుకాణం పైకప్పు మరమ్మతని దీనికి నెలన్నర సెలవు దొరికింది, అలా దిగింది చంటిది, చేతిలో చిన్న పెట్టె, ఒంటిమీద దుకాణం వాళ్ళిచ్చిన ముదురు నీలం చొక్కా, కాళ్ళు కడుక్కుని వీణ్ణి అందుకుంది, పగిలిపోతాడేమో అని భయపడుతూ అందుకోలేదు, పగలడని తెలిసినదానిలా అందుకుంది, ఒక అరచెయ్యి పిర్రల కింద, ఒకటి మెడ వెనక, అంతే, వీడు దాని ఎడమ భుజం మీద గడ్డం ఆన్చి నిట్టూర్చాడు, ఏడు వారాల పిల్లాడు నిట్టూర్చడం నేనప్పుడే విన్నాను, నా దగ్గర ఎప్పుడూ నిట్టూర్చలేదు, నా దగ్గరికొస్తే ముక్కుకి పాలవాసన తగులుతుంది కదా, పాలంటే గొంతులో మంట, అమ్మంటే పాలు, పిన్ని అంటే మంట లేని చోటు, వీడికి ఇదంతా తెలుస్తుందా అని అడిగితే డాక్టరమ్మ నవ్వి, పసివాళ్ళకి అలాంటివేం ఉండవమ్మా అంది, ఉండవని ఆవిడకెలా తెలుసు, ఈ ఇంట్లో ఆ నిట్టూర్పు విన్నది నేను కదా.

అమ్మ పాలు నాకు పది నెలలే, ఇంటికొచ్చినవాళ్ళందరికీ అమ్మ నవ్వుతూ చెప్పేది, పెద్దదానికి పది నెలలకే మాన్పించేశానండీ, ఇది కడుపులో పడిపోయింది, దీనికి మాత్రం మూడేళ్ళు, ఆడుకుంటూ ఆడుకుంటూ పరుగెత్తుకొచ్చి నిలబడే తాగేది సిగ్గులేని పిల్ల, అని చంటిదాని బుగ్గ గిల్లేది, నా పది నెలలు నాకు గుర్తులేవు, దాని మూడేళ్ళు గుర్తున్నాయి, తలుపు పట్టుకుని నిలబడి చూసేదాన్ని, గచ్చు చల్లగా ఉండేది, అమ్మ చెయ్యి దాని జుట్టులో ఊరికే తిరుగుతూ ఉండేది, ఒకరోజు ఎందుకో నోరు జారి, అమ్మా నాక్కూడా కొంచెం, అన్నాను, అమ్మ నవ్వింది, నాన్న నవ్వాడు, పక్కింటావిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, చంటిది ఒక్కతే నవ్వలేదు, నోరు తీసి, నావంక చూసి, పక్కకి జరిగింది, రా అన్నట్టు, అందరి నవ్వుకంటే అది జరగడమే నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది, నాకు రావలసింది అది ఇవ్వడమేంటి, ఇప్పటికీ దాని పద్ధతి అదే, అక్కా నువ్వు కాసేపు పడుకో, అక్కా నువ్వు తిను, వీణ్ణి నేను చూస్తాను, అన్నీ ఇచ్చేస్తూనే ఉంటుంది, చివరికి చూస్తే అన్నీ దాని దగ్గరే ఉంటాయి.

అదిగో నుదురు ముడి, ఇంకా ఐదు నిమిషాలు కాలేదు, లేదులేరా, లేదు, కాళ్ళు ముడిచాడు, మెడ వెనక్కి, ముఖం కందగడ్డైపోయింది, నా రొమ్ము చీదరించుకున్నట్టు తల అటూ ఇటూ, మళ్ళీ అందుకోవడం, మళ్ళీ కేక, ఆకలీ మంటా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే మధ్యలో వీడు, వీడి మధ్యలో నేను, ఎత్తుకుని భుజానికి వేసుకున్నాను, నిటారుగా, కడుపు నొక్కకుండా, ఊపకుండా, అరగంట, తాగిన ప్రతిసారీ అరగంట ఇలాగే ఉండాలి, కడుపు మూతి దగ్గర బిగువు చాలదుట వీడికి, మూత సరిగ్గా పడని సీసా లాంటివాడుట, ఇది కూడా డాక్టరమ్మ మాటే, ఎనిమిది పూటలకి ఎనిమిది అరగంటలు, కుర్చీ వీపుకి ఆనుకోను, ఆనుకుంటే వీడు ముడుచుకుపోతాడు, ఎదురుగా బీరువా తలుపుకి అంటించిన కాగితం కనిపిస్తుంది, చూడకూడదనుకుంటూనే చూస్తాను.

ఆ కాగితం నేనే తయారుచేశాను, పెద్ద హోటలు లాండ్రీలో మరకలు చూసే పని నాది, ఉతుక్కి వెళ్ళేముందు ప్రతి దుప్పటీ, ప్రతి తువ్వాలూ ట్యూబులైటు కింద పరిచి, ఇది టీ, ఇది రక్తం, ఇది పెదాల రంగు, ఇది పాలు అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో గీత గీసి కింద యంత్రాల దగ్గరికి పంపుతాను, తొమ్మిదేళ్ళుగా అదే పని, అందుకని వీడి కక్కుడు మొదలవగానే చెయ్యి అలవాటుగా అదే కాగితం గీసేసింది, ఏ పూట, ఎన్ని నిమిషాలు తాగాడు, తర్వాత ఎవరు ఎత్తుకున్నారు, ఎన్నిసార్లు కక్కాడు, నా పేరున్నచోట గీతలు, నాలుగు, ఐదు, మూడు, ఒక పూట ఏడు, మా ఆయన పేరున్నచోట రెండు, నాలుగు, ఇక చంటిదాని పేరున్నచోట, మొదటిరోజు మూడు గీతలు గీసింది, నేను చూసి ఏదో అన్నాను, ఏడ్చాను కూడా, ఆ రోజుల్లో దేనికి ఏడవలేదు గనక, మర్నాటినుంచి సున్నా, ఆ తర్వాత సున్నా, గుండ్రంగా, ఆ దుకాణంలో పెట్టెల మీద అంకెలు రాసే ముద్దు చేతిరాతతో, నాలుగు వారాల సున్నాలు, రెండు వారాల కిందట డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని అప్పటిదాకా ఉన్న వరసంతా చూసి, ఈ అమ్మాయెవరు అంది, మా చెల్లెలండీ అన్నాను, చేతులు చూడు తల్లీ ఎలా పట్టుకుంటోందో, మీరూ అలాగే పట్టుకోండి, అంది నాతో, నేను అలాగే పట్టుకుంటానండీ, ఒక చెయ్యి పిర్రల కింద, ఒక చెయ్యి మెడ వెనక, అద్దంలో చూసుకుని మరీ పట్టుకున్నాను, దొంగతనంగా నేర్చుకున్నాను దాని దగ్గర, అయినా గీతలే, సరే రోజుకి రెండు పూటలు పాలు పిండి ఇవ్వండి, ఆ అమ్మాయే సీసాతో పట్టనీ, చూద్దాం, అంది, ఆ రెండు పూటలూ సున్నాలే, అందుకే ఈవేళ ఈ తీర్పు.

ఆ రెండు పూటలు నేనేం చేస్తానో ఎవరికీ తెలియదు, పాలు పిండి సీసాలో పోసి దాని చేతికిస్తాను, అది వచ్చిన మర్నాటినుంచీ చేస్తున్నట్టే వీణ్ణి తీసుకుని ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేస్తుంది, నాకు చప్పుడు కాకూడదని, నేను నిద్రపోవాలని, నేను మంచం మీదికి వెళ్ళను, తలుపుకి ఇవతల నిలబడతాను, మా ఇంటి తలుపుకి ఇవతల నేనే దొంగలా నిలబడి చెవి ఆన్చి వింటాను, ఏం వినాలని, ఆ గుక్కతిప్పుకోలేని చిన్న దగ్గు, ఆ తర్వాత ధారగా పడే చప్పుడు, ఒక్కసారి వినపడితే చాలు అని, ఒక్కసారి దానిమీద కూడా పొయ్యరా నాన్నా అని, పైకి అనలేదు, లోపలే, కానీ అది ఆ సమయానికి కొళాయి తిప్పుతుంది, లేకపోతే పాట అందుకుంటుంది, ఏమీ వినపడదు, మొన్న అమ్మ ఫోన్లో, చంటిదానికే ఇవ్వవే పెద్దదానా, దాని హస్తవాసి మంచిది, నువ్వు చిన్నప్పటినుంచీ చిరాకు మనిషివి, పిల్లలకి తెలిసిపోతుంది, అంది, సరేనమ్మా అన్నాను, ఫోను పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాను, అద్దంలో చూస్తే రొమ్ములు రెండూ తడిసి నైటీ మీద రెండు గుండ్రాలు, వాటికి మాత్రం ఎవరు అడుగుతున్నారో ఎవరు వద్దంటున్నారో తెలియదు, వీడు పక్కగదిలో కదిలితే చాలు వచ్చేస్తాయి.

పావుగంటైంది, నిలిచాయేమో అనుకున్నాను, అనుకోగానే వీడి వీపు గట్టిపడింది, దగ్గు, వెచ్చగా నా మెడ మీదుగా జారి నైటీ లోపలికి, పుల్లటి వాసన, ఒకటి, మళ్ళీ, రెండు, మూడోది ముక్కులోంచి కూడా, ఏడుస్తున్నాడు, ఏడవకు బంగారం, అయిపోయింది, అయిపోయింది, చంటిది ఎప్పుడొచ్చిందో, తడిచెయ్యి లంగాకి తుడుచుకుంటూ, అక్కా ఇటివ్వు, నువ్వు నైటీ మార్చుకో, అని వీణ్ణి అందుకుంది, నేను ఇవ్వలేదు, అది తీసుకుంది, తీసుకున్న రెండో నిమిషానికి ఏడుపు ఆగింది, అదే భుజం, అదే గడ్డం, కళ్ళు తెరిచి దాని చెవి వెనక వెంట్రుకల్ని చూస్తున్నాడు, నన్ను చూడడం లేదు, నాకు ఆ క్షణంలో చెల్లెలు ఎంత అసహ్యంగా కనిపించిందో చెబితే ఎవరైనా నా ముఖం మీద ఉమ్మేస్తారు, పాపం దానికి నిద్రలేక కళ్ళకింద నల్లచారలు, చేతులు సబ్బునీళ్ళకి పాసిపోయి, అయినా నాకు అదేదీ కనపడలేదు, భుజం కనిపించింది, అంతే, పొడి తువ్వాలు కోసమని బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

బాల్కనీలో ఎండ దండెం మీద ఏటవాలుగా పడుతోంది, తువ్వాళ్ళు, వీడి జుబ్బాలు, మా ఆయన బనీన్లు, వాటి వెనక, గోడవైపు, ఎవరికీ కనపడకుండా మూలకి తోసి, దాని నీలం చొక్కాలు మూడు, ఎందుకంత మూలకి వేసింది ఎండ తగలకుండా అని ముందుకి లాగాను, లాగిన చెయ్యి అక్కడే ఆగిపోయింది, ఎడమ భుజం మీద, మూడు చొక్కాలకీ ఎడమ భుజం మీదే, అరచేతంత గుండ్రం, అంచు పసుపు తేలి, లోపల బట్ట కొంచెం బిరుసెక్కి, వేలితో తడిమాను, ముక్కుకి ఆన్చాను, ఆన్చక్కర్లేదు, తొమ్మిదేళ్ళుగా చూస్తున్న మరక, ఉడికిపోయిన పాలు, కొత్తగా చేరిన అమ్మాయిలందరూ చేసే తప్పే ఇది, పాల మరక పడగానే కంగారుపడి వేడినీళ్ళలో ముంచుతారు, ముంచితే పాలు బట్టలోనే ఉడికి అంటుకుపోతాయి, ఇక ఏ సబ్బుకీ వదలవు, ముందు చన్నీళ్ళమ్మా, ముందు చన్నీళ్ళు అని ఎంతమందికి చెప్పానో, ఇంట్లో ఉన్న ఈ ఒక్కదానికి చెప్పలేదు, ఎందుకు చెబుతాను, దాని మీద పాలే పడలేదు కదా, సున్నా కదా, గుండ్రాల్లో గుండ్రాలు, ఒకదాని మీద ఒకటి, ఒక్కో చొక్కా మీద ఎన్ని పూటలు పడ్డాయో నేను చూసి చెప్పగలను, వద్దనుకుంటూనే చూశాను, చాలా పూటలు.

ఆ చొక్కా పట్టుకునే లోపలికి వచ్చాను, చంటిది వీణ్ణి ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది, చొక్కా చూసింది, ముఖం పాలిపోయింది, ఏంటిది అన్నాను, నా గొంతు నాకే వేరేగా వినిపించింది, అక్కా, అంది, ఏంటే ఇది, వీడు నీమీదా కక్కుతున్నాడా, తల ఊపింది, ఎన్నిసార్లు, చెప్పవేం, ఎన్నిసార్లు, నీ దగ్గరెన్నో నా దగ్గరా అన్నే అక్కా, సీసాతో పట్టినప్పుడు ఇంకా ఎక్కువే, మరి ఆ సున్నాలేంటే, అది వీడి వీపు నిమురుతూనే, మొదటిరోజు మూడు గీతలు గీశాను, అవి చూసి నువ్వేమన్నావో గుర్తుందా, దీని దగ్గర కూడా కక్కాడంటే ఇక పట్టుకోవడంలో లేదు, నా పాలదే తప్పు, నా పాలే వాడికి విషం, అన్నావు, రెండు పూటలు అన్నం ముట్టలేదు, నాకు భయమేసింది, నా దగ్గర నిలుస్తున్నాయంటే నీ పాలు మంచివేనని ధైర్యంగా ఉంటావని సున్నా వేశాను, అంతే అక్కా, ఇలా తప్పంతా నీ చేతులమీదికి వస్తుందని నాకేం తెలుసు, డాక్టరమ్మ దగ్గరే చెప్పేద్దామనుకున్నాను, నువ్వు నావంక చూసిన చూపుకి నోరు పెగల్లేదు, మర్నాడు ఒక గీత గీద్దామని పెన్ను పట్టుకుంటే, ఇన్నాళ్ళదీ అబద్ధమని తెలిసిపోతుందని చెయ్యి రాలేదు, అంది, ఏడవడం లేదు, దానికి ఏడుపొస్తే కింది పెదవి లోపలికి పోతుంది చిన్నప్పటినుంచీ, పోయింది.

దాన్ని తిట్టాను, తిట్టవలసిందే కదా, పిల్లాడి ప్రాణంతో ఆటలా అన్నాను, బరువు పెరగని పిల్లాడి కాగితంలో అబద్ధాలు రాస్తావా అన్నాను, డాక్టరు ఆ కాగితం చూసే కదా మందు రాసేది అన్నాను, అన్నీ నిజమే, ప్రతి మాటా నిజమే, కానీ ఆ మాటలు నోరు అంటుంటే లోపల ఇంకెవరో గంతులేస్తున్నారు, దానిమీదా కక్కాడు, దానిమీదా కక్కాడు, నా బంగారుకొండ, నాలుగు వారాలుగా ప్రతి పూటా దానిమీదా కక్కాడు, వీణ్ణి అందుకుని ముద్దు పెట్టుకున్నాను, ముక్కు దగ్గర ఇంకా పుల్లటి వాసన, ఆ వాసన అంత ఇష్టంగా ఎప్పుడూ పీల్చలేదు, చంటిది నావంక విచిత్రంగా చూసింది, అక్కా నీకు కోపం రాలేదా అంది, వచ్చింది, పద, మూడుంబావు అయింది, బస్సు పోతుంది, అన్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు దానికే ఇచ్చాను, వీడు నా భుజం మీద, డాక్టరమ్మకి చెప్పాలా వద్దా అని నేను ఒక్క క్షణం కూడా తర్జనభర్జన పడలేదు, చెప్పాలి, పిల్లాడి మంచికోసం చెప్పాలి, సీసా పాలే ఎక్కువ కక్కుతున్నాడంటే సీసాలోకి మార్చడం తప్పు కదా, ఎంత చక్కటి కారణం, ఎంత ఉతికి ఇస్త్రీ చేసిన కారణం, ఎవరూ వేలెత్తి చూపించలేరు, కానీ నేను మరకలు చూసేదాన్ని, ఇస్త్రీ కింద ఏముందో నాకు తెలుసు, అందరిముందూ ఆ సున్నాలు చెరిగిపోవాలి, ఆవిడ వేలు పెట్టి చూపించిందే ఆ వరస, ఆ వరసే చెరిగిపోవాలి, చేతులు చూడు తల్లీ అన్న నోటితోనే ఇంకోమాట అనాలి, చంటిది దారిపొడవునా ఒక్కటే అడిగింది, అక్కా, ఈవేళ బరువు పెరిగుంటాడా, ఏమో అన్నాను, కిందటిసారి రెండువారాలకి కలిపి తొంభై గ్రాములే కదా, ఈసారి మూడువందలైనా పెరగాలంది కదా ఆవిడ, అని వేళ్ళమీద ఏదో లెక్కేసుకుంటోంది, నేను ఆవిడకి మొదట ఏ మాటతో మొదలుపెట్టాలా అని చూసుకుంటున్నాను.

చెప్పాను, కుర్చీలో కూర్చోకముందే చెప్పాను, ఆ సున్నాలు నిజం కావండీ, మా చెల్లెలు నా మనసు కష్టపెట్టకూడదని వేసింది, సీసాతో పట్టినా కక్కుతున్నాడు, ఇంకా ఎక్కువే, అని, డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి చంటిదాన్ని చూసింది, అది నేల చూస్తోంది, ఈ కాగితం పట్టుకుని నేను ఎంతదాకా వెళ్ళానో తెలుసా అమ్మాయ్ అంది, గట్టిగా అనలేదు, గట్టిగా అంటే బాగుండునని నాకనిపించింది, తర్వాత నావైపు తిరిగి, తప్పు మీ చేతుల్లోనూ లేదు, మీ పాలలోనూ లేదమ్మా, ఈవిడ దగ్గరైనా మీ దగ్గరైనా వాడు కక్కుతాడు, ఆ బిగువు వచ్చేదాకా కక్కుతాడు, కూర్చోవడం వచ్చేసరికి చాలామందికి తగ్గిపోతుంది, ముందు తూకం చూద్దాం, అంది, చంటిదే వీడి జుబ్బా విప్పింది, లంగోటీ విప్పింది, ఆ చల్లటి తూకం మీద తువ్వాలు పరిచి వీణ్ణి పడుకోబెట్టింది, వీడు కాళ్ళు కొట్టుకుంటుంటే అంకెలు ఆగడం లేదు, నేను దాని ముఖం చూస్తున్నాను, చిన్నబోయిందా, సిగ్గుపడుతోందా, చేతులు చూడు తల్లీ అన్నవాళ్ళముందు ఇప్పుడెలా ఉంది దానికి, చూసుకుంటున్నాను, తనివితీరా చూసుకుంటున్నాను, డాక్టరమ్మ ఏదో అంది, రొమ్ము మాన్పించక్కర్లేదు, సీసా ఆపేయండి, మీరే పట్టుకోండి అన్నీ, అది విన్నాను, అబ్బ అనుకున్నాను, గెలిచాననుకున్నాను, నిజంగా ఆ మాటే అనుకున్నాను, అప్పుడు చంటిది ముఖం ఒక్కసారి వెలిగిపోయింది, ఎందుకు వెలిగిందో అర్థం కాలేదు, ఓడిపోయినదాని ముఖం అలా వెలగదు కదా, చిన్నబోవడం, సిగ్గు, అన్నీ ఎక్కడికి పోయాయో, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో, అక్కా విన్నావా, విన్నావా, అంటోంది, ఏంటి, అన్నాను, అది నావంక చూసింది, డాక్టరమ్మ కూడా చూసింది, తూకం మీద వీడు తన వేళ్ళు తనే చూసుకుంటున్నాడు, అంకె పోయింది, తూకం పక్కనున్న నర్సు బటను నొక్కేసింది, అక్కడ అంకె కనిపించిందన్నమాట, డాక్టరమ్మ పైకి చదివిందన్నమాట, రెండు వారాలుగా నేను ఎదురుచూసిన అంకె, గదిలో అందరూ విన్నారు, నేను వినలేదు, నేను విన్నది నా గురించి చెప్పిన మాట ఒక్కటే, తలుపుకి చెవి ఆన్చి వాడు కక్కాలని కోరుకున్నదాన్ని, వాడు పెరిగాడని చెబితే వినపడని దాన్ని, వాడి కడుపు నిండాలని కాదు, నా చేతే నిండాలని, లేకపోతే ఎవరి చేతా నిండకూడదని, ఇన్నాళ్ళూ ఇదే నాలో ఉన్నది, చంటిదేమో సున్నాలు వేసి, చొక్కాలు దాచి, తిట్లు తిని, బస్సులో వేళ్ళమీద గ్రాములు లెక్కేసుకుంది, నాకు చాలా సిగ్గేసింది, ఎంత సిగ్గంటే వీణ్ణి ఎత్తుకోవడానికి కూడా చెయ్యి చాచలేకపోయాను, దాని పక్కన నిలబడి, దానికే వినపడేట్టు, ఎంత పెరిగాడే, అని అడిగాను.